డ్రమ్ కోర్ వేసవి: మేం కట్టిన ఫీజులో మాస్టారికి చేరింది ఎంత?

మా అబ్బాయి 2023లో, 2024లో రెండు వేసవులు ఒక వరల్డ్ క్లాస్ (అంటే పోటీల్లో పై స్థాయి) డ్రమ్ కోర్‌లో, అంటే ఊరూరా తిరిగి పోటీల్లో వాయించే మార్చింగ్ బృందంలో, బేస్ డ్రమ్ వాయించాడు. మొదటి ఏడు ఫీజు 4,900 డాలర్లు, రెండో ఏడు 5,300. చలికాలం క్యాంపులకి విమాన టికెట్లు, బూట్లు, చేతి టేపులు, సన్‌స్క్రీన్ డబ్బాలు అన్నీ దానికి పైన. మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడ హైస్కూల్ బ్యాండ్‌లో పిల్లలున్న తెలుగువాళ్లు వారానికి ఒకరైనా ఫోన్ చేసి, "పంపించొచ్చా? అంత డబ్బు దేనికి తీసుకుంటారు?" అని అడుగుతున్నారు. వాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చింది ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

కోర్ పేరు మాత్రం రాయను. నేను చెప్పబోయే ఫిర్యాదు ఒక్క కోర్‌ది అనుకుని మిగతావాటిని వదిలేస్తారేమోనని నా భయం. నేను ఇరవై ఏళ్లుగా చిన్న సంస్థలకి లెక్కలు రాస్తున్నాను. కాబట్టి ఈ రివ్యూ డబ్బు వైపు నుంచి ఉంటుంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, మన పిల్లలకి నేర్పే మాస్టార్లకి, వాళ్లు వాయించే సంగీతం రాసే అరేంజర్లకి ఏం ఇస్తున్నారన్న వైపు నుంచి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డ్రమ్ కోర్‌లో ఫ్లూట్, క్లారినెట్ లాంటివి ఉండవు. బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే లోహ వాయిద్యాలు), పెర్కషన్ (డ్రమ్స్ లాంటివి), జెండాలూ చెక్క రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్, అంతే. ఒక్కో కోర్‌లో 165 మంది దాకా ఉండొచ్చు. 22 ఏళ్లు వచ్చేసరికి బయటికి రావాల్సిందే, దాన్నే ఏజ్ అవుట్ అంటారు. పోటీలు నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అందరూ డీసీఐ అంటారు. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇప్పుడు ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లో లూకస్ ఆయిల్ స్టేడియంలో, ఆగస్టు రెండో వారంలో. మే చివర్లో మొదలయ్యే స్ప్రింగ్ ట్రైనింగ్ నుంచి ఫైనల్స్ దాకా పిల్లలు ఇంటి మొహం చూడరు. బస్సుల్లో ప్రయాణం, స్కూల్ జిమ్ నేల మీద నిద్ర, పగలంతా రిహార్సల్, సాయంత్రం షో.

ముందు మంచి మాట చెప్తాను, ఎందుకంటే అదే పెద్ద మాట. ఆ రెండు నెలల పైచిలుకులో మా వాడికి దొరికిన చదువు ఇంకెక్కడా దొరకదు. బేస్ డ్రమ్స్ ఐదుగురు. ఒక్కొక్కరి డ్రమ్ ఒక్కో సైజు, ఒక్కో శ్రుతి. ఒకే వరసని ఐదుగురూ పంచుకుని వాయిస్తారు, దాన్ని స్ప్లిట్ అంటారు. ఒకడికి ఒక దెబ్బ, పక్కవాడికి తర్వాతి దెబ్బ, అవి కలిసి వింటే ఒక్క మనిషే వాయించినట్టుండాలి. మా వాడు మూడో డ్రమ్, సరిగ్గా నడిమధ్య. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు.

2024 జూన్‌లో నేను ఒక వారం వాలంటీర్‌గా వెళ్లినప్పుడు ఒక ఉదయం ఆ బేస్ లైన్ సెక్షనల్, అంటే ఆ ఐదుగురికే విడిగా జరిగే రిహార్సల్, చూశాను. వాళ్ల టెక్‌కి, అంటే మైదానం మీద దగ్గరుండి నేర్పే మాస్టారికి, ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతిలో చిన్న ప్లాస్టిక్ బ్లాక్, దాని మీద స్టిక్‌తో టక్ టక్ మని టెంపో కొడుతూ, ఐదుగురూ పక్కకి నడుస్తుంటే వాళ్లకి ఎదురుగా తనూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒకే ఒక్క బార్, అంటే తాళంలో ఒక ఆవర్తం. "మళ్లీ." నాలుగుసార్లు "డట్" అని లెక్క, మళ్లీ అదే బార్. నా చెవికి మొదటిసారి, ఇరవయ్యోసారి ఒకలాగే వినిపించాయి. ఆయన మాత్రం ఆగి, మా వాడి దగ్గరికొచ్చి, కుడి మణికట్టు పట్టుకుని అర అంగుళం కిందికి దించి, "స్టిక్ పైనుంచి మొదలుపెడుతున్నావు, అందుకే ఆలస్యం" అన్నాడు. తర్వాతిసారి ఆ బార్ జిప్పు లాగినట్టు జర్రున సాగిపోయింది. ఈసారి తేడా నాకూ తెలిసింది. మా వాడి మొహం చూశాను. ఆ మొహం కోసం నేను ఇంకో 5,000 అయినా కట్టేదాన్ని.

అందుకే ఆ టెక్ సంగతి నన్ను అంతగా బాధపెట్టింది.

వాలంటీర్లకి పని ఫుడ్ ట్రక్ దగ్గర. రోజుకి నాలుగుసార్లు వండాలి: పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, సాయంత్రం, షో అయ్యాక రాత్రి స్నాక్. పిల్లలు, స్టాఫ్, డ్రైవర్లు, మేము కలిసి పూటకి రెండు వందలకి పైనే ప్లేట్లు. ఒక రాత్రి పదకొండున్నరకి పిల్లలంతా తినేసి బస్సులెక్కాక ఆ టెక్ అబ్బాయి ఒక్కడే వచ్చాడు. స్టాఫ్ అందరూ ఆ రోజు షో వీడియో పెట్టుకుని మీటింగ్‌లో కూర్చున్నారట, అది ఇప్పుడే అయిందట. మిగిలిన పాస్తా వేడిచేసి ఇచ్చాను. ట్రక్ మెట్ల మీద కూర్చుని తింటుంటే, లెక్కలు రాసేదాన్ని కదా, నోరు ఊరుకోలేదు. "వేసవికి ఎంత ఇస్తారు నీకు?" అని అడిగేశాను. ఇక్కడ అలా అడగకూడదని తెలుసు. ఆయన ఏమీ అనుకోలేదు. "2,400 మేడమ్. సగం జూలైలో, సగం సీజన్ అయిపోయాక."

నెలకా అని అడిగాను. మొత్తం వేసవికట.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో లెక్కేశాను. మే 22 నుంచి ఆగస్టు 10 దాకా 81 రోజులు. సెలవులూ ప్రయాణాలూ తీసేసి 75 రోజులు పని అనుకుందాం. రోజుకి పది గంటలు, నేను కళ్లారా చూసినదాని ప్రకారం అది తక్కువే. 750 గంటలు. 2,400ని 750తో భాగిస్తే గంటకి 3 డాలర్ల 20 సెంట్లు. 2009 నుంచీ మారని ఫెడరల్ కనీస వేతనమే గంటకి 7.25. ఆ రేటు కట్టినా 5,400 దాటుతుంది.

అంతటితో అయిపోలేదు. ఆయన్ని ఉద్యోగిగా తీసుకోలేదు, కాంట్రాక్టర్‌గా తీసుకున్నారు. కాంట్రాక్టర్‌కి కనీస వేతనం, ఓవర్‌టైమ్ వర్తించవు. ఏడాది అయ్యాక, ఇచ్చిన మొత్తం చూపించే 1099-ఎన్‌ఈసీ అనే పన్ను కాగితం వస్తుంది. ఉద్యోగి అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ సగం యజమాని కడతాడు. కాంట్రాక్టర్ రెండు సగాలూ తనే కట్టుకోవాలి, అది 15.3 శాతం. 2,400 మీద దాదాపు 340 డాలర్లు అక్కడే పోతాయి. ఖర్చులు చూపించుకుంటే కొంత తగ్గుతుంది, కానీ ఆ వయసు పిల్లలు రసీదులు దాచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తిండి, పడుకోవడానికి నేల కోర్ ఇస్తుంది, అది నిజమే, లెక్కలోకి తీసుకోవాలి. తీసుకున్నా నాకు సమాధానం దొరకలేదు. ఎవరు కాంట్రాక్టర్, ఎవరు ఉద్యోగి అన్నది చూసేటప్పుడు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) అడిగే ముఖ్యమైన ప్రశ్న, పని ఎలా చేయాలో ఎవరు శాసిస్తున్నారు అని. ఏ గంటకి లేవాలి, ఎప్పుడు ఏ మైదానం మీద ఉండాలి, ఎవరి కింద పనిచేయాలి అన్నీ కోర్ చెబుతుంటే, నా క్లయింట్ ఎవరైనా అలాంటి మనిషిని కాంట్రాక్టర్‌గా చూపిస్తానంటే నేను వద్దనే చెబుతాను.

మరి ఎందుకొస్తారు? అదీ అడిగాను. ఆయన మ్యూజిక్ ఎడ్యుకేషన్ చదివాడు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా రెండు హైస్కూళ్లలో డ్రమ్‌లైన్ నేర్పుతాడు, అక్కడ బాగానే ఇస్తారు. ఆ స్కూళ్లు తనని పిలిచేదే ఈ కోర్ పేరు చూసి. అంటే వేసవంతా కోర్‌కి పని చేసి, ఆ పేరుతో ఏడాదంతా బతుకుతాడు. కోర్‌లకీ ఈ సంగతి తెలుసు. మార్చ్ చేసి ఏజ్ అవుట్ అయిన పిల్లల్లో నేర్పడానికి ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి రేటు పెరగదు.

ఇక అరేంజర్ల సంగతి. వీళ్లది వేరే లోకం. టెక్‌ల మీద క్యాప్షన్ హెడ్ అని విభాగానికో పెద్ద ఉంటాడు, బ్రాస్‌కి ఒకరు, పెర్కషన్‌కి ఒకరు, విజువల్‌కి (మైదానం మీద నడక, కదలికలకి) ఒకరు. వాళ్లకి ఇంకా పైన డిజైన్ టీమ్. అరేంజర్ ఆ టీమ్‌లో మనిషి. షో ఆలోచన సెప్టెంబర్, అక్టోబర్లలోనే మొదలవుతుంది. పన్నెండు నిమిషాలు కూడా నిండని షోకి బ్రాస్ వాళ్ల ప్రతి భాగమూ ఒకరు రాస్తే, పెర్కషన్ ఇంకొకరు రాస్తారు. అది రాశాక కూడా పని తెమలదు. జూన్‌లో జడ్జీలు ఒక మాటంటారు, జూలైలో ముగింపు మార్చేస్తారు, ఆగస్టు మొదటి వారంలో కూడా కొత్త కాగితాలు వస్తాయి. మా వాడు ఫైనల్స్‌కి ఐదు రోజుల ముందు ఎనిమిది కొత్త బార్లు నేర్చుకున్నాడు.

అరేంజర్‌కి గంటల లెక్కన ఇవ్వరు, షోకి ఇంత అని గుత్తగా మాట్లాడుకుంటారు. మా వాడికి కాలేజీలో పాఠం చెప్పినాయన ఒక చిన్న ఓపెన్ క్లాస్ (వరల్డ్ క్లాస్‌కి కింది స్థాయి) కోర్‌కి పెర్కషన్ బుక్, అంటే షోలో డ్రమ్స్ వాళ్లు వాయించేదంతా, రాశాడు. 5,000 డాలర్లు, మూడు విడతలు. రీరైట్‌లకి విడిగా ఏమీ లేదు. పెద్ద కోర్‌లలో పేరున్నవాళ్లకి దీనికి ఎన్నో రెట్లు ఉంటుందని ఆయనే అన్నాడు. ఉండాలి కూడా. పేరున్న కోర్‌లలో బ్లూ డెవిల్స్ బ్రాస్ అంటే దశాబ్దాల పాటు వేన్ డౌనీ, సాంటా క్లారా వాన్‌గార్డ్ డ్రమ్స్ అంటే రాల్ఫ్ హార్డిమన్ అని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కోర్‌కి ఆ మోత తెచ్చింది వాళ్లు.

ఇందులో నాకు కొత్తగా తెలిసిన సంగతి కాపీరైట్. అరేంజర్ రాసింది తనదే కదా, రాయల్టీ వస్తుంది కదా అనుకున్నాను. రాదు. వేరొకరి సంగీతాన్ని మార్చి రాయాలంటే హక్కుదారు అనుమతి కొనాలి. అమెరికా చట్టం ప్రకారం అలా మార్చే హక్కు కూడా అసలు యజమానిదే. అనుమతి కాగితంలో మామూలుగా, తయారైన అరేంజ్‌మెంట్ కూడా పబ్లిషర్‌కే చెందుతుందని రాసి ఉంటుంది. కాబట్టి అరేంజర్‌కి మొదట మాట్లాడుకున్న గుత్త డబ్బే డబ్బు. సొంతంగా కొత్త సంగీతం రాస్తేనే హక్కుల గురించి బేరమాడడానికి వీలుంటుంది.

ఇంకో మార్పు కూడా చూడండి. 1999 దాకా కోర్‌లన్నీ జీ బ్యూగిల్స్ (జీ శ్రుతిలో ఉండే బాకాలు) మీదే వాయించాలి. 2000 నుంచి ఏ శ్రుతిలో ఉన్న బ్రాస్ అయినా సరే అన్నారు. 2004లో మైకులు, స్పీకర్లు వచ్చాయి. 2009లో సింథసైజర్లు వచ్చాయి. దాంతో సౌండ్ డిజైన్ చేసేవాళ్లు, సింథ్ ప్రోగ్రామ్ చేసేవాళ్లు, ఆడియో చూసుకునేవాళ్లు స్టాఫ్‌లో చేరారు. షో గొప్పగా వినిపిస్తోంది, కాదనను. శాన్ ఆంటోనియోలో ఆలమోడోమ్ స్టేడియంలో ఆ సింథ్ మంద్ర స్వరం వస్తే కూర్చున్న కుర్చీ కూడా అదిరింది. కానీ జీతాల మూట అదే, పంచుకునే చేతులు పెరిగాయి. ఆ పంపకంలో అందరికంటే కింద ఉన్నది టెక్.

మీ పిల్లల్ని పంపబోయే కోర్ ఎంత ఇస్తుందో మీరే చూసుకోవచ్చు, కొంతవరకు. ఈ కోర్‌లు ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు. ఏటా ఐఆర్‌ఎస్‌కి తమ జమాఖర్చుల ఫామ్ 990 ఇస్తాయి, అది ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ సైట్‌లో సంస్థ పేరు కొడితే వచ్చేస్తుంది. ఏడో భాగంలో డైరెక్టర్ల పేర్లు, జీతాలు ఉంటాయి. లక్ష డాలర్లకి పైన తీసుకున్న ఉద్యోగుల్లో, కాంట్రాక్టర్లలో మొదటి ఐదుగురి పేర్లు కూడా ఉంటాయి. మన టెక్ పేరు అందులో ఎప్పటికీ కనపడదని వేరే చెప్పక్కర్లేదు. అరేంజర్ పేరు కూడా దాదాపుగా కనపడదు. తొమ్మిదో భాగం తీయండి. అక్కడ 7వ లైన్ మామూలు ఉద్యోగుల జీతాలు, 11వ లైన్ బయటివాళ్లకి ఇచ్చిన ఫీజులు. ఆ 11లో "ఇతరములు" అనే అంకె పెద్దగా ఉండి 7 చిన్నగా ఉంటే, నేర్పేవాళ్లని ఎక్కువగా కాంట్రాక్టర్లుగానే పెట్టుకున్నారని నేను అనుకుంటాను. ఒక్క జాగ్రత్త. గడువు పెంచుకుంటూ పోతారు కాబట్టి మీకు దొరికే కాగితం ఏడాదో రెండేళ్లో పాతది అయి ఉంటుంది.

నేను మా కోర్‌ది మూడేళ్ల కాగితాలు చదివాను. దొంగతనం ఏమీ కనపడలేదు. ఇది కచ్చితంగా చెప్పాలి. డబ్బంతా బస్సులకి, డీజిల్‌కి, తిండికి, ఇన్సూరెన్స్‌కి, వాయిద్యాలకి పోతోంది. పిల్లలు కట్టే ఫీజుతో ఖర్చు వెళ్లదు, విరాళాలు కావాలి. కాలిఫోర్నియాలో పెద్ద కోర్‌లు ఏళ్ల తరబడి బింగో ఆటలు నడిపి నిలబడ్డాయి. అయినా సాంటా క్లారా వాన్‌గార్డ్ అంతటిది డబ్బు ఇబ్బందులతో 2023 సీజన్‌కి రాలేదు. 1934లో మొదలైన ది కేడెట్స్ 2024లో మూతపడింది. కాబట్టి డైరెక్టర్ల మీద నాకు కోపం లేదు. వాళ్లలో చాలామంది కూడా ఒకప్పుడు జిమ్ నేల మీద పడుకున్నవాళ్లే.

నా ఫిర్యాదు వేరు. ఆ టెక్ అబ్బాయికి రావాల్సిన రెండో సగం, 1,200 డాలర్లు, నవంబర్ మూడో వారంలో వచ్చింది. ఫైనల్స్ అయిన మూడు నెలలకి. మధ్యలో రెండుసార్లు మెయిల్ పెడితే "వచ్చే వారం" అన్నారట. సరిగ్గా అదే సమయంలో, అక్టోబర్‌లో, తల్లిదండ్రులందరికీ వచ్చే ఏడాది ఆడిషన్ ఫీజు కట్టమని, గడువు దాటితే అదనంగా పడుతుందని మెయిల్ వచ్చింది. మా దగ్గర గడువుకి తీసుకుని, మాస్టారికి గడువు దాటించడం నాకు జీర్ణం కాలేదు. తల్లిదండ్రుల జూమ్ మీటింగ్‌లో లేచి అడిగాను. "బడ్జెట్‌లో స్టాఫ్ అని ఒక్క లైనే ఉంది. అందులో డిజైన్ టీమ్‌కి ఎంత, మైదానం మీద ఉండే టెక్‌లకి ఎంత?" కాంట్రాక్టులు గోప్యం అన్నారు. పేర్లు వద్దు, రెండు అంకెలు చాలు అన్నాను. చూస్తామన్నారు. మరుసటి నెల రెండు అంకెలూ పంపారు, అందుకు వాళ్లకి మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పాను. టెక్‌ల వాటా నేననుకున్నంత తక్కువగానే ఉంది.

నా మార్కులు: నేర్పడానికి ఐదుకి ఐదు, ఇంకో అర ఇవ్వడానికి వీలుంటే ఇచ్చేదాన్ని. తిండికి నాలుగు. నిద్రకి రెండు. నేర్పేవాళ్లని చూసుకునే తీరుకి ఒకటిన్నర, ఆ అర కూడా అంకెలు పంపినందుకు.

పంపించొచ్చా అంటే, పంపించండి. డబ్బు కట్టే ముందు మాత్రం రెండు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి: టెక్‌లకి వేసవికి కనీసం ఎంత ఇస్తారు, ఆఖరి విడత ఏ తేదీకి ఇస్తారు. జవాబు వెంటనే ఇచ్చిన కోర్‌లు నాకు రెండు తగిలాయి. జవాబే ఇవ్వనివి మూడు.

మా వాడు ఏజ్ అవుట్ అయ్యాడు. 2025 వేసవికి ఇంకో కోర్ వాళ్లు బేస్ లైన్ టెక్‌గా రమ్మని కాంట్రాక్టు పంపారు. 1,800 డాలర్లు, ప్రయాణం వాళ్లది. కాగితం నా ముందు పెట్టి, "అమ్మా, అంకె గురించి ఏమీ అనకు, నేను వెళ్తున్నాను" అన్నాడు. అంకె గురించి ఏమీ అనలేదు. "బాకీ మొత్తం సీజన్ ముగిశాక" అన్న చోట గీత గీసి, "ఆగస్టు 31 లోపు" అని రాసిచ్చాను. వాడు అలాగే పంపాడు. ఒప్పుకుంటూ సంతకం పెట్టి మర్నాడే తిప్పి పంపారు.